డుక్లా గెలిచిన కప్పులు ఎవరివి?

నేను ప్రాగ్‌లో ఆరు నెలలు ఆన్‌సైట్ చేసినప్పుడు మా టీమ్‌లో ప్ల్జెన్ అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. వయసు యాభై దాటింది. డేటాబేస్ మీద ఆయన మాటే మాకు వేదం. ఒకరోజు లంచ్‌లో ఆటల మీదకి వెళ్ళింది కబుర్లు. ఇండియా నుంచి వచ్చినవాడు క్రికెట్ గురించి మాట్లాడతాడనుకున్నాడు పాపం. నేను హ్యాండ్‌బాల్ అన్నాను.

నిజానికి నా హ్యాండ్‌బాల్ జ్ఞానం అంతా హైస్కూల్లో సంపాదించిందే. మా పీఈటీ సారుకి క్రికెట్ కిట్టు కొనే బడ్జెట్ లేదు. ఉన్నది ఒక బంతి, సున్నంతో గీసిన గీతలు. అందుకని మాకు ఎనిమిదో తరగతి నుంచి హ్యాండ్‌బాల్ నేర్పించారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఒక్కో జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు. గోల్ ముందు ఆరు మీటర్ల గీత లోపల గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ కాలు పెట్టకూడదు. అందుకే దాడి చేసేవాడు గీత బయటినుంచి గాల్లోకి ఎగిరి, కింద పడేలోపు బంతి విసరాలి. ఫుట్‌బాల్‌నీ బాస్కెట్‌బాల్‌నీ మిక్సీలో వేసి తిప్పితే వచ్చేది హ్యాండ్‌బాల్ అనుకోండి.

సరే, ఆ ధైర్యంతో ముందురోజు రాత్రి చదివిన నాలుగు ముక్కలు వదిలాను. "మీ డుక్లా ప్రాగ్ జట్టు మూడుసార్లు యూరప్ ఛాంపియన్ అటగా, గొప్ప విషయమే" అన్నాను. ఆయన మొహంలో సంతోషం కనపడుతుందని ఎదురుచూశాను. ఆయన ఫోర్కు కింద పెట్టి, అది మా డుక్లా కాదు, సైన్యం డుక్లా అన్నాడు. అంతే, మళ్ళీ తినడంలో పడ్డాడు.

ఆ ఒక్క మాట నాకు చాలారోజులు బుర్రలో తిరిగింది. తర్వాత ఆ జట్టు చరిత్ర కొంచెం లోతుగా చదివాను. చదివినకొద్దీ అది ఆట కథలా కాకుండా, మనలాంటి ఉద్యోగస్తులందరికీ ఎక్కడో తగిలే కథలా అనిపించింది. అందుకే ఈ సోదంతా.

ముందు పేరు సంగతి. డుక్లా అనేది ప్రాగ్‌లో పేట పేరు కాదు. పోలండ్, స్లొవేకియా సరిహద్దులో కార్పేతియన్ కొండల్లో ఉన్న ఒక కనుమ. 1944 సెప్టెంబరులో నాజీలకు వ్యతిరేకంగా స్లొవేకియాలో తిరుగుబాటు నడుస్తోంది. దానికి సాయంగా సోవియట్ సైన్యం, దానితోపాటు చెకొస్లొవాక్ సైనిక దళం ఈ కనుమ దాటాలని బయల్దేరాయి. కొద్దిరోజుల్లో అయిపోతుందనుకున్న పని అక్టోబరు చివరిదాకా సాగింది. చెకొస్లొవాక్ దళంలోనే దాదాపు 6,500 మంది చనిపోవడమో, గాయపడడమో జరిగింది. వాళ్ళు కనుమ చేరేది అక్టోబరు 6న. ఆ తర్వాత ఆ తేదీనే సైనిక దినోత్సవంగా జరుపుకున్నారు. ఇంత చేసినా తిరుగుబాటు నిలవలేదు, జర్మన్లు అణచివేశారు. ఆ దళానికి సేనాని లుద్విక్ స్వోబొదా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

యుద్ధం ముగిసే వేళకి స్వోబొదా రక్షణ మంత్రి అయ్యాడు. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం మొత్తం చేతుల్లోకి తీసుకున్నారు. అదే ఏడాది ప్రాగ్‌లో సైన్యానికి ఒక క్రీడా సంఘం పెట్టారు. మొదట్లో దాని పేరు ఏటీకే, అంటే సైనిక వ్యాయామ సంఘం అన్నమాట. తర్వాత కొన్నాళ్ళు ఇంకో పేరు. 1956లో డుక్లా అని స్థిరపడింది. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్, అథ్లెటిక్స్, ఇలా అన్నిటికీ కలిపి ఒకటే గొడుగు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ ఈ గొడుగు కిందివాడే. 1962లో యూరప్ ఉత్తమ ఫుట్‌బాలర్ అయిన యోజెఫ్ మసోపుస్ట్ కూడా ఇక్కడివాడే.

ఇప్పుడు అసలు కీలకం. ఇంతమంది ఒకేచోట ఎలా చేరారు? జీతాలు ఎక్కువనా? కోచ్‌లు గొప్పవాళ్ళనా? అవన్నీ కొంతవరకే. అసలు కారణం చాలా సింపుల్. ఆ దేశంలో మగపిల్లలందరూ రెండేళ్ళు సైన్యంలో పనిచేయాలి, తప్పదు. ఎక్కడో ఊళ్ళో క్లబ్బులో కుర్రాడు బాగా ఆడుతున్నాడంటే, వాడికి పద్ధెనిమిదో పంతొమ్మిదో వచ్చేసరికి సైన్యం నుంచి పిలుపు వస్తుంది. తుపాకీ బదులు బంతి ఇస్తారు. రెండేళ్ళు డుక్లాకి ఆడతాడు. మరీ బాగుంటే ఆ తర్వాత సైన్యంలోనే ఉద్యోగం ఇచ్చి ఉంచేస్తారు. మసోపుస్ట్ అలాగే వచ్చాడు. 1952లో టెప్లిత్సే జట్టు నుంచి సైనిక సేవ కోసం వచ్చి, 1968 దాకా అక్కడే ఉండిపోయాడు.

అంటే పెంచిన ఖర్చు ఊరి క్లబ్బుది, పంట సైన్యానిది. మా ప్ల్జెన్ పెద్దాయన బాధ ఇదే. ప్ల్జెన్‌లో స్కోడా కర్మాగారం వాళ్ళ హ్యాండ్‌బాల్ జట్టు ఉండేది, మంచి జట్టు కూడాను. వాళ్ళు ఎంత తయారుచేసుకున్నా, సైన్యం నుంచి కాగితం వస్తే ఆపే హక్కు వాళ్ళకి లేదు.

ఇక ఆట సంగతి. చెక్ వాళ్ళకి హ్యాండ్‌బాల్ ఎవరో తెచ్చి అంటించిన ఆట కాదు. 1905 ప్రాంతంలోనే ప్రాగ్‌లో వాక్లావ్ కరస్ అనే అధ్యాపకుడు పిల్లల కోసం హాజెనా అనే సొంత రకం ఆట తయారుచేశాడు. బంతి చేత్తో విసిరి గోల్ కొట్టే ఆటే, నియమాలు వేరు. దాని వారసురాలు ఇప్పటికీ చెక్ దేశంలో ఆడుతున్నారు. అందుకే ఏడుగురితో హాల్లో ఆడే అంతర్జాతీయ ఆట వచ్చేసరికి వీళ్ళ చేతులు అప్పటికే అలవాటుపడి ఉన్నాయి. 1954లో పురుషుల ప్రపంచ పోటీల్లో మూడో స్థానం, 1958లోనూ 1961లోనూ రెండో స్థానం. 1957లో మహిళలకి మొట్టమొదటి ప్రపంచ పోటీలు పెడితే గెలిచింది చెకొస్లొవేకియానే.

అదే 1957లో క్లబ్బులకి మొదటి యూరోపియన్ కప్ కూడా ముగిసింది. రికార్డుల్లో మొట్టమొదటి విజేతగా ఉన్న పేరు డుక్లా ప్రాగ్. పారిస్‌లో ఫైనల్. స్వీడన్ జట్టు యోరెబ్రూ మీద 21-13. ఇప్పటి మ్యాచుల్లో ఒక్కో జట్టు ముప్ఫై గోల్స్ కొట్టడం మామూలు. అప్పటి ఆట నెమ్మది, అందుకని ఎనిమిది గోల్స్ తేడా అంటే ఉతికి ఆరేసినట్టే లెక్క.

రెండో కప్ 1963లో. ఫైనల్‌లో ఎదురుగా రుమేనియా జట్టు డినమో బుకారెస్ట్. స్కోరు 15-13. ఇక్కడ కాస్త ఆగండి. డుక్లా చెకొస్లొవాక్ సైన్యం జట్టు. డినమో ఏమో రుమేనియా ఆంతరంగిక మంత్రిత్వ శాఖది, అంటే పోలీసుల జట్టు. ఒక దేశపు రక్షణ శాఖ, ఇంకో దేశపు హోం శాఖ కలిసి కప్పు కోసం కొట్టుకున్నాయన్నమాట :)

1967 వాళ్ళకి విచిత్రమైన ఏడాది. జనవరిలో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో చెకొస్లొవేకియా మొదటిసారి ఛాంపియన్ అయింది. ఫైనల్‌లో డెన్మార్క్ మీద 14-11. ఆ జట్టు గోల్‌కీపర్ యిరీ వీఖా డుక్లా మనిషే. అంత ఊపులో ఉన్నవాళ్ళు అదే ఏడాది యూరోపియన్ కప్ ఫైనల్‌లో గుమ్మర్స్‌బాఖ్ చేతిలో 13-17తో ఓడిపోయారు. గుమ్మర్స్‌బాఖ్ అంటే పశ్చిమ జర్మనీలో ఒక చిన్న ఊరు. దానికి సైన్యమూ లేదు, మంత్రీ లేడు. వినగానే నాకు భలే సంతోషమేసింది, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్. ఈసారి స్టెయావా బుకారెస్ట్, అది రుమేనియా సైన్యం జట్టు. 11-13తో ఓటమి. అది 1968. ఆ వసంతంలో ప్రాగ్‌లో సెన్సార్‌షిప్ సడలింది, పత్రికలు నోరు విప్పాయి. మార్చిలో కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఎవరనుకున్నారు? డుక్లా కనుమ సేనాని లుద్విక్ స్వోబొదా. ఆగస్టు 20 రాత్రి వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు వచ్చి ఆ వసంతాన్ని తొక్కేశాయి. 1944లో ఎవరి పక్కన నిలబడి కనుమ ఎక్కాడో ఆ సోవియట్ సైన్యమే ఇప్పుడు ఆయన రాజధానిలోకి దిగింది. రుమేనియా మాత్రం ఆ దండయాత్రలో చేరలేదు. కప్పు పట్టుకెళ్ళిన దేశం ట్యాంకులు పంపకపోవడం యాదృచ్ఛికమే, కానీ చదువుతున్నప్పుడు ఒక్క క్షణం ఆగిపోయాను.

ఆ సైనిక గొడుగు కింద ఉండడం అంటే ఏంటో జాటోపెక్‌కి అప్పుడు తెలిసొచ్చింది. దండయాత్రని బహిరంగంగా వ్యతిరేకించాడు. సైన్యంలో ఉద్యోగం పోయింది, పార్టీ నుంచి గెంటేశారు. నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలున్న మనిషి కొన్నేళ్ళపాటు ఊళ్ళకి దూరంగా కూలిపనిలాంటి పని చేసుకున్నాడు. ఇచ్చిన చెయ్యే తీసుకుంటుంది. ఆటగాడికి ఇల్లూ, జీతమూ, హోదా అన్నీ ఒకే యజమాని ఇస్తున్నప్పుడు, ఆ యజమానికి కోపమొస్తే పోయేవి కూడా అన్నీ ఒకేసారి పోతాయి.

హ్యాండ్‌బాల్ మాత్రం ఆగలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో చెకొస్లొవేకియాకి రజతం. దేశం లోపల డుక్లాకి పోటీ తక్కువే. మొత్తం ఇరవైకి పైగా చెకొస్లొవాక్ లీగ్ టైటిళ్ళు వాళ్ళవి. కానీ యూరోపియన్ కప్ మళ్ళీ చేతికి రావడానికి 1963 తర్వాత 21 ఏళ్ళు పట్టింది.

1984 ఫైనల్ నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ప్రత్యర్థి మెటలోప్లాస్టికా. యుగొస్లావియాలో షాబాత్స్ అనే చిన్న పట్టణపు జట్టు, పేరులోనే ఫ్యాక్టరీ ఉంది చూడండి. గోల్‌కీపర్ మిర్కో బషిచ్, వెసెలిన్ వుయోవిచ్, మిలె ఇసాకోవిచ్, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో పిడుగు. ఆ వుయోవిచ్ తర్వాత ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యాడు. డుక్లా గోల్‌లో మిఖాల్ బార్డా. ఫైనల్ రెండు మ్యాచులు, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. రెండూ కలిపి కూడితే గోల్స్ సమానం. చివరికి ఏడు మీటర్ల పెనాల్టీలతో తేల్చారు. గెలిచింది డుక్లా. మెటలోప్లాస్టికా ఏం తక్కువ తిన్నది కాదు, తర్వాత రెండేళ్ళూ వరసగా, 1985లోనూ 1986లోనూ, అదే కప్ గెలిచింది.

అయితే కథ అక్కడితో అవ్వలేదు. అదే వేసవిలో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. సోవియట్ యూనియన్ బహిష్కరించింది, దాని వెనకే చెకొస్లొవేకియా కూడా. ఆ దేశం నుంచి ఏ ఆటకీ ఒక్క మనిషి వెళ్ళలేదు. యుగొస్లావియా వెళ్ళింది, హ్యాండ్‌బాల్ బంగారం గెలుచుకుంది. ఆ జట్టులో వుయోవిచ్, ఇసాకోవిచ్, బషిచ్ ఉన్నారు. ఆ ఏడాది యూరప్ కప్పు డుక్లాది, ఒలింపిక్ పతకాలు వాళ్ళ చేతిలో ఓడినవాళ్ళవి. ఊరి క్లబ్బు నుంచి కుర్రాణ్ణి అడక్కుండా లాక్కొచ్చిన చెయ్యే, ఆ కుర్రాడు ఒలింపిక్స్‌కి వెళ్ళాలనుకుంటే కూడా అడక్కుండా ఆపేసింది. ప్ల్జెన్‌కి జరిగిందే ఇప్పుడు డుక్లాకి జరిగింది.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. నా మొదటి కంపెనీలో మాది చిన్న ప్రాజెక్టు. నాతోపాటు ఇద్దరు కుర్రాళ్ళు కాలేజీ నుంచి సరాసరి వచ్చారు. వాళ్ళకి డొమైన్ నేర్పి, కోడ్ నేర్పి, క్లయింట్‌తో ఎలా మాట్లాడాలో కూడా నేర్పి ఏడాదిన్నరకి ఒక దారికి తెచ్చుకున్నాం. ఒక శుక్రవారం సాయంత్రం మెయిలొచ్చింది, సోమవారం నుంచి ఇద్దరూ పెద్ద అకౌంట్‌కి అలొకేట్ అయ్యారని. మమ్మల్ని అడిగింది లేదు, వాళ్ళనీ అడిగింది లేదు. ఆ ఏడాది వార్షికోత్సవంలో పెద్ద అకౌంట్‌కి ఉత్తమ జట్టు అవార్డొచ్చింది. మేం వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాం. స్టేజీ మీద ఉన్న ఆ ఇద్దరు కూడా బాగానే పనిచేశారు, అందులో అబద్ధం లేదు. అయినా చప్పట్లు కొడుతుంటే చేతులు బరువుగా అనిపించాయి. మా పెద్దాయన ఫోర్కు ఎందుకు కింద పెట్టాడో నాకు డుక్లా చరిత్ర చదివాకే తెలిసింది.

కాబట్టి డుక్లా కప్పులు కొట్టేసినవని తేల్చేద్దామా? నేను అలా అనలేను. పెనాల్టీ వేసేటప్పుడు ఏడు మీటర్ల దూరంలో నిలబడ్డవాడి చెయ్యి వణకకుండా ఆపింది రక్షణ శాఖ కాదు. గుమ్మర్స్‌బాఖ్ మీదా, స్టెయావా మీదా ఓడారంటే పిలుపు కాగితంతో ఆటగాళ్ళని తేవచ్చు గానీ గెలుపుని తేలేమని కూడా తెలుస్తోంది. ఆట వాళ్ళదే, చెమట వాళ్ళదే. కాకపోతే ట్రోఫీ అలమరాలో పెట్టేటప్పుడు పక్కన ఒక చిన్న పుస్తకం కూడా పెట్టాలి. ఏ కుర్రాణ్ణి ఏ ఊరి నుంచి, ఎవరిని అడిగి తెచ్చారో అందులో రాయాలి. ఆ పుస్తకం లేని చరిత్ర సగం చరిత్రే.

మన దగ్గర కూడా సర్వీసెస్, రైల్వేస్ జట్లు ఉన్నాయి, వాటి వల్లే ఎంతోమంది ఆటగాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. కానీ మన సైన్యంలో చేరేది ఇష్టపడి. చేరనంటే జైల్లో పెట్టరు. ఆ ఒక్క తేడా చిన్నది కాదు.

1989లో ఆ ప్రభుత్వం కూలింది. 1993లో దేశం రెండయింది. 2004 చివరితో చెక్ దేశంలో నిర్బంధ సైనిక సేవ కూడా పోయింది. డుక్లా పేరుతో సైన్యం క్రీడా కేంద్రం ఇప్పటికీ ఉంది, ఒలింపిక్ పతకాలు తెస్తోంది. హ్యాండ్‌బాల్ డుక్లా ఇప్పుడు దేశీయ లీగ్‌లో కర్వినా, ప్ల్జెన్, జుబ్రీ లాంటి జట్లతో సమానంగా పోటీ పడే ఒక క్లబ్బు.

సైన్యం పట్టు పోయింది కాబట్టి ప్ల్జెన్ లాంటి ఊళ్ళు యూరప్‌ని ఏలాయా అంటే, లేదు. 1984 తర్వాత యూరప్‌లో ఆ పెద్ద కప్పు ఏ చెక్ క్లబ్బుకీ రాలేదు. ఎందుకంటే తలుపులు తెరుచుకున్నాక మంచి ఆటగాళ్ళంతా జర్మనీ లీగ్‌కి వెళ్ళిపోవడం మొదలైంది. ఫిలిప్ యీఖానే చూడండి. పుట్టింది ప్ల్జెన్‌లో, 1982లో. కుర్రతనంలో డుక్లాకి ఆడాడు. తర్వాత స్విట్జర్లాండ్, అక్కణ్ణుంచి జర్మనీలో లెమ్గో, ఆ తర్వాత కీల్. కీల్‌తో 2010లోనూ 2012లోనూ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, 2010కి ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2020లో కోచ్‌గా కూడా అదే కప్పు కీల్‌కి తెచ్చాడు. ఒకప్పుడు అందరి దగ్గరా తెచ్చుకున్న డుక్లా, ఇప్పుడు తయారుచేసి పంపించే చోటుగా మారింది.

ఇది మనకి బాగా తెలిసిన దారే కదా. ఊళ్ళో చదువు, హైదరాబాద్‌లో ఉద్యోగం, తర్వాత ఎక్కడో ఆన్‌సైట్. పెంచినవాళ్ళకి అటూ ఇటూ ఖాళీయే మిగులుతుంది, నిజమే. మా అమ్మని అడిగితే సైన్యం తీసుకెళ్ళినా, వీసా తీసుకెళ్ళినా ఇల్లు ఒకేలా ఉంటుందంటుంది. కానీ వెళ్ళినవాడి వైపు నుంచి చూస్తే ఒకేలా ఉండదు. యీఖా సంతకం పెట్టి వెళ్ళాడు. ఇష్టం లేకపోతే మానేసేవాడు, మళ్ళీ తిరిగొచ్చేవాడు. 1952లో పిలుపు కాగితం అందుకున్నవాడికి ఆ వీలు లేదు.

నా ఆన్‌సైట్ అయిపోయే వారం మా పెద్దాయనతో మళ్ళీ హ్యాండ్‌బాల్ ఎత్తాను. ఈసారి డుక్లా ఊసెత్తకుండా యీఖా గురించి అడిగాను. మొహం వెలిగిపోయింది. అరగంట చెప్పాడు. వాడు మా ఊరివాడు అని కనీసం నాలుగుసార్లు అన్నాడు. ఆ కప్పులు గెలిచింది జర్మనీ జట్టుకి కదా అని నేను అడగలేదు. అడక్కుండా లాక్కెళితే అదే ఊళ్ళో గెలిచినా మనది కాదు. ఇష్టపడి వెళితే పరాయి దేశంలో గెలిచినా మనవాడే. ఆయన లెక్క అది. నాకూ ఆ లెక్కే నచ్చింది.

ఇప్పుడు నాకొక చిన్న టీమ్ ఉంది. ఎవరినైనా వేరే ప్రాజెక్టుకి పంపమని పైనుంచి మెయిలొస్తే, జవాబిచ్చేముందు వాళ్ళ సీటు దగ్గరికెళ్ళి అడుగుతున్నాను. రెండుసార్లు వెళతామన్నారు, ఒకసారి వెళ్ళనన్నారు. వెళ్ళనన్న అమ్మాయి కోసం మా మేనేజర్‌తో గంటసేపు గొడవపడాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఇంకా మా టీమ్‌లోనే ఉంది.